విదేశీ విద్యకు జపాను వేసుకున్న లెక్కలు

(తల్లిదండ్రుల, విద్యార్థుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ విద్యను గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరినప్పుడు మేము జపాను దేశపు అనుభవాన్ని ఎంచుకున్నాము. మన పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియా, జర్మనీ వెళుతుండగా జపాను ఊసు ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. అందుకు ఒక కారణం మన చరిత్రలోనే ఉన్నది. 1922లో హైదరాబాదు సంస్థాన విద్యాశాఖ డైరెక్టరు సయ్యద్ రాస్ మసూద్ గారు నిజాం ప్రభుత్వం పక్షాన జపాను వెళ్లి అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించి వచ్చారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి మనుమడైన ఆయన సమర్పించిన నివేదిక 1923లో పుస్తకరూపంలో వెలువడింది. ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడి అప్పటికి కొద్ది సంవత్సరాలే అయింది. సొంత భాషను విడువకుండానే ఆధునిక శాస్త్రాలను అందుకున్న ఆసియా దేశంగా జపాను ఆనాటి హైదరాబాదు విద్యావేత్తలను ఆకర్షించింది.

ఆ శాస్త్రాలను జపాను ఎలా అందుకున్నది? తన పిల్లలను పరదేశాలకు పంపి అందుకున్నది. ఎవరిని పంపింది, ఆ సొమ్ము ఎక్కడి నుండి వచ్చింది, తిరిగి వచ్చినవారు తమ వెనుక వారికి ఏమి చేశారు? ఈ మూడు ప్రశ్నలే నేటి మన విషయం. ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య ఉద్యోగకాలమంతా గడిపిన మాకు ఏ విషయంలోనైనా మొదట కనిపించేవి గడువు తేదీలు, జమాఖర్చు పద్దులు. కాబట్టి ఈ ప్రసంగంలో ఆవేశం తక్కువగాను, అంకెలు ఎక్కువగాను ఉంటే మన్నించగలరు.

దొంగచాటు ప్రయాణం నుండి పోటీ పరీక్ష దాకా

1863 నాటికి జపాను ప్రజలు దేశం దాటి వెళ్లడం మరణశిక్షకు గురికాగల నేరం. ఆ సంవత్సరం చోషూ ప్రాంతానికి చెందిన ఐదుగురు యువకులు రహస్యంగా ఓడ ఎక్కి లండన్ చేరుకొని అక్కడి యూనివర్సిటీ కాలేజీలో చదివారు. మనిషికి సుమారు వెయ్యి ర్యోలు కావలసి వచ్చింది. ర్యో అనేది ఆనాటి బంగారు నాణెం. ప్రాంతీయ ప్రభువు ఇచ్చిన సొమ్ము అందుకు చాలలేదు. ఆయుధాల కొనుగోలుకు కేటాయించిన నిధిని హామీగా చూపి, మిగిలినది వర్తకుల వద్ద అప్పు తెచ్చారు. తుపాకుల కోసం ఉంచిన ధనం చదువుకు హామీ అయింది. ఆ ఐదుగురిలో ఇతో హిరోబుమి 1885లో జపాను తొలి ప్రధానమంత్రి అయ్యారు. మరొకరు విదేశాంగ మంత్రి, ఇంకొకరు రైల్వేల నిర్మాత. మిగిలిన ఇద్దరిలో ఒకరు సాంకేతిక విద్యకు, ఒకరు టంకశాలకు పునాది వేశారు.

1866లో విదేశయాన నిషేధం తొలగింది. మేజీ ప్రభుత్వం 1868లో ఏర్పడిన తర్వాత ప్రభుత్వ ఖర్చుతో విద్యార్థులను విరివిగా పంపింది. అయితే ఎంపికలో ప్రతిభ కంటే ప్రాంతీయ పలుకుబడికి ప్రాధాన్యం లభించింది. భాష రానివారు, ఏమి చదవాలో నిర్ణయించుకోనివారు కూడా వెళ్లారు. ఖర్చు పెరిగింది, ఫలితం తగ్గింది. 1873లో ప్రభుత్వం తన ఖర్చుతో చదువుతున్నవారిని సామూహికంగా వెనక్కి పిలిపించింది. సభికులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్రభుత్వం పథకాన్ని పూర్తిగా ఎత్తివేయలేదు. రెండేళ్లలో పద్ధతి మార్చింది. 1875లో టోక్యోలోని ప్రభుత్వ విద్యాలయం నుండి, అప్పటికే విదేశీ భాషలో పాఠాలు చదివి నిగ్గుతేలిన 11 మందిని ఎంపిక చేసి పంపింది. అది దానం కాదు. తిరిగి వచ్చి తీర్చవలసిన రుణం. హార్వర్డులో న్యాయశాస్త్రం చదివి తర్వాత విదేశాంగ మంత్రి అయిన కొమురా జుతారో ఆ పదకొండు మందిలో ఒకరు. పథకంలో లోపం కనిపించినప్పుడు లోపాన్ని సవరించాలే గాని పథకాన్ని పాతిపెట్టరాదన్నది ఈ చరిత్ర చెప్పే మొదటి విషయం.

సొమ్ము మంజూరైనంత మాత్రాన సమస్య తీరదని చెప్పడానికి మరొక ఉదాహరణ ఉన్నది. జపాను నవలాకారులలో అగ్రగణ్యుడైన నత్సుమే సోసెకిని 1900లో ప్రభుత్వం ఆంగ్ల అధ్యయనం కోసం లండన్ పంపింది. ఏటా 1,800 యెన్ల భత్యం. లండన్ జీవన వ్యయానికి అది చాలదని ఆయన త్వరలోనే గ్రహించారు. చవక గదులకు మకాం మార్చుకుంటూ, విశ్వవిద్యాలయ తరగతులు మాని, ఒక పండితుని వద్ద విడిగా పాఠాలు చెప్పించుకుంటూ, మిగిల్చినదంతా పుస్తకాలకు వెచ్చించారు. రెండేళ్లు ఒంటరిగా గదిలో చదివి మనోవ్యాకులతకు గురయ్యారు. తన జీవితంలో అవి అత్యంత అసంతోషకరమైన సంవత్సరాలని తర్వాత ఆయనే రాసుకున్నారు. భత్యం నిర్ణయించే అధికారి ఆ నగరపు ధరలు చూడకుండా అంకె వేస్తే, ఆ లోటును విద్యార్థి తన తిండిలోను, ఆరోగ్యంలోను భరించవలసి వస్తుంది.

ఒక విద్యార్థిని వదిలి వెళ్లిన నిచ్చెన

ఇప్పుడు ఒక బాలిక సంగతి. 1871లో జపాను ప్రభుత్వ ప్రతినిధి బృందం అమెరికా బయలుదేరినప్పుడు వారితో ఐదుగురు బాలికలను కూడా పంపారు. ఉత్తరాన హొక్కైడో ద్వీపాన్ని అభివృద్ధి చేసే ప్రభుత్వ శాఖ వారి ఖర్చు భరించింది. వారిలో చిన్నదైన సుదా ఉమెకో వయస్సు 6 సంవత్సరాలు. పదేళ్లకు పైగా అమెరికా కుటుంబంలో పెరిగి 1882లో తిరిగి వచ్చేసరికి ఆమె మాతృభాష మరచిపోయింది. అంతకంటే విచారకరం, అంత ఖర్చు పెట్టి చదివించిన ఆ అమ్మాయిలకు తగిన పని ప్రభుత్వం వద్ద సిద్ధంగా లేదు. మగవారికి పదవులు ఎదురుచూశాయి. ఆడపిల్లలకు పెళ్లి సంబంధాలు ఎదురుచూశాయి.

ఉమెకో ఉపాధ్యాయినిగా పనిచేసి 1889లో మళ్లీ అమెరికా వెళ్లి బ్రిన్ మార్ కళాశాలలో జీవశాస్త్రం చదివారు. చదువుకుంటూనే ఆమె ఇంకొక పని పూనుకున్నారు. ఫిలడెల్ఫియా నగరంలోని ఒక సహృదయురాలి తోడ్పాటుతో సభలు జరిపి, ప్రసంగాలు చేసి, జపాను యువతుల ఉన్నత విద్య కోసం సుమారు 8,000 డాలర్ల నిధి సమీకరించారు. మూలధనాన్ని ముట్టకుండా దానిపై వచ్చే ఆదాయంతో ఒకరి తర్వాత ఒకరిని అమెరికా పంపే ఏర్పాటు అది. మూలాన్ని నిలిపి ఫలాన్ని పంచడం వక్ఫ్ ఎరిగిన మనకు కొత్త సంగతి కాదు. ఆ నిధితో చదివిన కవాయి మిచి 1929లో టోక్యోలో స్వయంగా ఒక బాలికల విద్యాలయం స్థాపించారు. అదే నిధితో చదివిన హోషినో ఐ, ఉమెకో మరణానంతరం ఆమె స్థాపించిన కళాశాలకు అధిపతి అయ్యారు. ఆ కళాశాలను ఉమెకో 1900లో పది మంది విద్యార్థినులతో మొదలుపెట్టారు. అది నేటి సుదా విశ్వవిద్యాలయం. 2024 జూలైలో జపాను విడుదల చేసిన కొత్త 5,000 యెన్ల నోటుపై ఉన్నది ఆమె చిత్రమే.

ప్రభుత్వ ధనంతో చదివి వచ్చినవారు ఎందరో ఉన్నారు. తన చదువు ఇంకా పూర్తికాకముందే తన వెనుక వచ్చేవారి చదువుకు నిధి కూర్చినవారు అరుదు. ఈ సభలో కార్యకర్తలు ఒక్క మాటను వెంట తీసుకొని వెళ్లదలిస్తే ఈ మాటను తీసుకొని వెళ్లండి.

యెన్ విలువ, విద్యార్థుల సంఖ్య

యుద్ధానంతర జపాను చేతిలో డాలర్లు లేవు. 1949 నుండి అమెరికా పునరావాస నిధులతో సుమారు వెయ్యి మంది, 1952 నుండి ఫుల్‌బ్రైట్ పథకం క్రింద మరికొందరు వెళ్లారు. అప్పుడు డాలరుకు 360 యెన్లు. సామాన్యులు విహారయాత్రకు విదేశాలకు వెళ్లే అనుమతి 1964 ఏప్రిల్‌లో గాని రాలేదు. అదీ మనిషికి 500 డాలర్ల పరిమితితో. 1985 ఒప్పందం తర్వాత మూడేళ్లలో యెన్ విలువ దాదాపు రెట్టింపైంది. మధ్యతరగతి కుటుంబం కూడా పిల్లలను అమెరికా పంపగల స్థితి ఏర్పడింది. 1997-98లో అమెరికాలో సుమారు 47,000 మంది జపాను విద్యార్థులు ఉండేవారు. ఆనాడు ఏ ఇతర దేశం నుండీ అంతమంది అక్కడ లేరు.

తర్వాత తగ్గుదల మొదలైంది. అన్ని దేశాలలో కలిపి 2004లో సుమారు 83,000గా ఉన్న సంఖ్య 2011 నాటికి 57,500కు పడిపోయింది. అమెరికాలో 2022-23లో మిగిలినవారు సుమారు 16,000 మంది. యువత అంతర్ముఖమైపోయిందని పత్రికలు నిందించాయి. నింద తేలిక, లెక్క కష్టం. జననాలు తగ్గి ఆ వయస్సు యువకుల సంఖ్యే తగ్గింది. కుటుంబ ఆదాయాలు పెరగలేదు. అమెరికా ఫీజులు ఏటేటా పెరిగాయి. వీటన్నిటి మీద మారకపు విలువ ఒకటి. ఏడాదికి 40,000 డాలర్ల ఖర్చును ఉదాహరణగా తీసుకుందాం. 2011లో డాలరు సుమారు 80 యెన్లు. అంటే 32 లక్షల యెన్లు. డాలరు 150 యెన్లకు చేరిన తర్వాత అదే చదువుకు 60 లక్షల యెన్లు. కళాశాల మారలేదు, పాఠం మారలేదు, తండ్రి జీతమూ మారలేదు. రూపాయి పడిన ప్రతిసారీ వాయిదా ఎలా పెరుగుతుందో పిల్లలను పంపిన మన తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కాలపట్టిక ముందు, టికెట్టు తర్వాత

జపాను విద్యార్థికి డబ్బు కంటే ముందు ఎదురయ్యే అడ్డంకి పంచాంగం. అక్కడ విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అమెరికా, ఐరోపాలలో ఆగస్టు, సెప్టెంబరులలో. ఈ తేడాను తొలగించాలని టోక్యో విశ్వవిద్యాలయం 2012లో శరత్కాల ప్రవేశాన్ని ప్రతిపాదించి, మరుసటి ఏడాదే ఆ ఆలోచనను పక్కన పెట్టింది. ఉద్యోగ నియామకాలు, ప్రభుత్వ పరీక్షలు అన్నీ ఏప్రిల్‌తో ముడిపడి ఉండడమే కారణం.

నియామకాల సంగతి మరింత జటిలం. కొత్త పట్టభద్రులను సంస్థలు ఒకే రుతువులో మూకుమ్మడిగా ఎంపిక చేస్తాయి. దీనిని షూకత్సు అంటారు. అధికారిక నియమం ప్రకారం మూడవ సంవత్సరం చివర మార్చి 1 నుండి సమాచార సభలు, నాలుగవ సంవత్సరం జూన్ 1 నుండి మౌఖిక పరీక్షలు, అక్టోబరు 1న నియామక పత్రాలు. ఆ రుతువులో విదేశంలో ఉన్నవాడు వెనుకబడిపోతానని భయపడతాడు. ఈ భయం గమనించినవారు 1987 నుండి ఏటా అమెరికాలోని బోస్టన్ నగరంలోనే జపాను సంస్థల ఉద్యోగమేళా నిర్వహిస్తున్నారు. విద్యార్థి తిరిగి రాలేనప్పుడు సంస్థే సముద్రం దాటి వెళ్లడం ఆ ఏర్పాటులోని విశేషం.

ఇక ప్రణాళిక వేసుకునే పద్ధతి చూడండి. జపాను విశ్వవిద్యాలయాలు విదేశీ విశ్వవిద్యాలయాలతో పరస్పర ఒప్పందాలు చేసుకుంటాయి. వీటి ప్రకారం వెళ్లే విద్యార్థి తన సొంత విశ్వవిద్యాలయానికి మామూలు ఫీజు కడితే చాలు, అక్కడ బోధనా రుసుము ఉండదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రామాణిక ఫీజు ఏడాదికి 5,35,800 యెన్లు. అమెరికాలో 40,000 డాలర్లు విలువ చేసే చదువు కూడా ఆ ఫీజుతోనే లభించవచ్చు. పట్టానికి కావలసిన 124 క్రెడిట్లలో 60 వరకు ఇతర విశ్వవిద్యాలయాలలో సంపాదించినవి లెక్కలోకి తీసుకునే వీలు నిబంధనలలో ఉన్నది. కాబట్టి ఏడాది వృథా కాదు.

అయితే ఈ సీట్లు కొద్ది. వెళ్లడానికి సుమారు ఏడాది ముందే విశ్వవిద్యాలయం లోపల ఎంపిక జరుగుతుంది. మూడవ సంవత్సరం శరత్కాలంలో వెళ్లదలచినవారు రెండవ సంవత్సరం శరత్కాలంలో దరఖాస్తు చేయాలి. ఆ దరఖాస్తుకు ఆంగ్ల పరీక్ష ఫలితం జతచేయాలి గనుక ఆ వేసవిలోపే పరీక్ష ముగించాలి. అందుకు మొదటి సంవత్సరంలోనే చదవడం మొదలుపెట్టాలి. వెనుక నుండి లెక్కిస్తే విదేశయానపు తొలి అడుగు కళాశాలలో చేరిన నెలలోనే పడుతుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు దీనిని విద్యార్థి ఇష్టానికి వదిలిపెట్టలేదు. 2004లో స్థాపించిన అకితా అంతర్జాతీయ విశ్వవిద్యాలయంలో ఏడాది విదేశీ విద్య లేకుండా పట్టం రాదు. చిబా విశ్వవిద్యాలయం 2020 నుండి చేరేవారందరికీ విదేశీ అధ్యయనాన్ని తప్పనిసరి చేసింది. అదే సంవత్సరం ఫీజును 6,42,960 యెన్లకు పెంచింది కూడా. అందరికీ అవకాశం కల్పించే ఖర్చును అందరి మీదా వేసిందన్నమాట. ఇది న్యాయమా కాదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

సొమ్ము ఎక్కడి నుండి వస్తుంది

ఒకే సంచి నుండి రాదు. నాలుగైదు చిన్న సంచులు కలిస్తేనే విమానం కదులుతుంది.

మొదటిది ఇంటి సంచి. బిడ్డ పుట్టిన వెంటనే తల్లిదండ్రులు విద్యా బీమా తీసుకోవడం జపానులో సర్వసాధారణం. దీనిని గకుషి హొకెన్ అంటారు. బిడ్డకు పదిహేడు, పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి మొత్తం చేతికి వస్తుంది. బీమా తీసుకున్న తండ్రి మధ్యలో మరణిస్తే మిగిలిన వాయిదాలు మాఫీ అవుతాయి. చదువు సొమ్ము మాత్రం ఆగదు. రెండవది విద్యార్థి స్వయంగా సంపాదించేది. 2024లో జపాను సగటు కనీస వేతనం గంటకు 1,055 యెన్లు. వారానికి 15 గంటలు దుకాణంలోనో భోజనశాలలోనో పనిచేస్తే నెలకు సుమారు 63,000 యెన్లు. అక్కడ మంచి ఇళ్ల పిల్లలు కూడా ఈ పనులు చేయడానికి సిగ్గుపడరు.

మూడవది ప్రభుత్వ సహాయం. జపాను విద్యార్థి సేవా సంస్థ, అంటే జాసో, 2004లో ఏర్పడింది. ఒప్పందాల మీద వెళ్లేవారికి చాలా సంవత్సరాలు దేశాన్ని బట్టి నెలకు 60,000 నుండి లక్ష యెన్ల వరకు తిరిగి చెల్లించనవసరం లేని భత్యం ఇచ్చింది. విదేశంలోనే పూర్తి డిగ్రీ చదవదలచినవారికి 2017 నుండి ఫీజు సహాయం కూడా అందుతున్నది. నాలుగవది పరిశ్రమల విరాళం. 2013లో విద్యాశాఖ తొబితాతె అనే ఉద్యమం ప్రారంభించింది. ఎగిరి వెళ్లండి అని దాని అర్థం. సంస్థల విరాళాలతో నడిచే ఈ పథకంలో మార్కులు, భాషా పరీక్షల ఫలితాలు ఎంపికకు కొలమానం కావు. ఎక్కడికి, ఎందుకు, ఏమి చేయడానికి వెళుతున్నావో విద్యార్థి స్వయంగా రాసి, మౌఖిక పరీక్షలో నిలబడి చెప్పాలి. వెళ్లేముందు శిక్షణ, తిరిగి వచ్చాక శిక్షణ ఉంటాయి. వచ్చినవారు తమ అనుభవాన్ని తోటివారికి చెప్పి మరికొందరిని ప్రోత్సహించాలి. ఒక విభాగంలో స్థానిక ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు కలిసి తమ జిల్లా పిల్లలను పంపుతాయి. ఇది గాక ప్రైవేటు ధర్మనిధులు ఉన్నవి. వస్త్ర వ్యాపారి యనాయి తదాషి నెలకొల్పిన నిధి అమెరికా, బ్రిటన్‌లలోని అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాలలో చదివేవారికి తోడ్పడుతున్నది.

ఐదవది అప్పు. ఇక్కడ కొంత నిదానించాలి. జపాను భాషలో షోగకుకిన్ అనే పదానికి విద్యార్థి వేతనం అని అర్థం. అయితే ఆ పేరుతో దశాబ్దాలుగా ఎక్కువమంది అందుకున్నది తిరిగి తీర్చవలసిన రుణం. జాసో ఇచ్చే మొదటి తరగతి రుణానికి వడ్డీ లేదు. రెండవ తరగతికి వడ్డీ ఉన్నది, సాలుకు 3 శాతం మించదు. చదువుతున్నంత కాలం వడ్డీ పడదు. ప్రభుత్వ ఆర్థిక సంస్థ తల్లిదండ్రులకు ఇచ్చే విద్యారుణ పరిమితి మామూలుగా 35 లక్షల యెన్లు, విదేశీ విద్యకు 45 లక్షలు. దానికి అర్హత నిర్ణయించే ఆదాయ పరిమితిని పిల్లల సంఖ్యను బట్టి పెంచుతారు. ఇది మెచ్చదగిన నియమం. కాని పేరు వేతనం, లోపల అప్పు అయినప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్లవాడు తాను ఏ కాగితం మీద సంతకం చేస్తున్నాడో గ్రహించలేడు. చదువు ముగిసి స్థిరమైన ఉద్యోగం దొరకనివారు, వారికి హామీ ఉన్న తండ్రులు, మేనమామలు దివాలా పిటిషన్లు వేసుకున్న వార్తలు జపాను పత్రికలను కుదిపివేశాయి. ఆ ఒత్తిడి వలననే స్వదేశంలో చదివే పేద విద్యార్థులకు తిరిగి చెల్లించనవసరం లేని వేతనం 2017లో మొదలై 2020లో విస్తరించింది. ఆదాయాన్ని బట్టి వాయిదా నిర్ణయించే పద్ధతి కూడా మొదటి తరగతి రుణాలకు వచ్చింది. సంపన్న దేశం సైతం ఈ ఒక్క పదం అర్థాన్ని సరిదిద్దుకోవడానికి ఇంతకాలం పట్టింది.

సంఖ్యల వెనుక ఉన్నవారు

2018-19లో జపాను విశ్వవిద్యాలయాల నుండి 1,15,146 మంది విదేశాలకు వెళ్లారని లెక్క. సంఖ్య ఘనంగా ఉన్నది. కాని వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది నెలరోజుల లోపే తిరిగి వచ్చినవారు. కరోనా సంవత్సరం 2020-21లో ఆ సంఖ్య 1,487కు పడింది. 2023లో ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం 2033 నాటికి ఏటా 5 లక్షల మంది. మూడు వారాల వేసవి శిబిరం, నాలుగేళ్ల పట్టం ఒకే వరుసలో లెక్కపెడితే లక్ష్యం త్వరగానే నెరవేరవచ్చు. ఎవరు ఎంతకాలం చదివారు, ఏ ఆదాయ వర్గం నుండి వెళ్లారు అని అడిగినప్పుడే అసలు ఫలితం బయటపడుతుంది. ఏ పథకం వార్షిక నివేదిక చదివినా మనం అడగవలసిన ప్రశ్న ఇదే.

డబ్బు చాలనివారు దారులు మార్చుకున్నారు. ఆంగ్లం నేర్వడానికి ఫిలిప్పీన్స్, పట్టం కోసం మలేషియా, తైవాన్ వెళ్లేవారు ఉన్నారు. జపాను ప్రైవేటు వైద్య కళాశాలల్లో ఆరేళ్ల ఖర్చు రెండు కోట్ల నుండి నాలుగు కోట్ల యెన్లకు పైగా ఉంటుంది గనుక 2006 నుండి వందలాది మంది హంగరీ వైద్య విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. తిరిగి వచ్చాక ఆరోగ్యశాఖ అర్హతా పరిశీలన, ఆపై జాతీయ పరీక్ష దాటితేనే వైద్యులవుతారు. జార్జియా, కిర్గిజ్‌స్థాన్‌లకు పిల్లలను పంపుతున్న మన తల్లిదండ్రులకు ఈ కథ పరిచితమే. చేరేటప్పటి ఫీజుతోపాటు తిరిగి వచ్చాక రాయవలసిన పరీక్షను కూడా మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.

మనం చేయవలసినది

తల్లిదండ్రులకు మా విన్నపాలు నాలుగు. మొదటిది, ప్రయాణ తేదీ నుండి వెనక్కి లెక్కించి కనీసం రెండేళ్ల కాలపట్టిక కాగితం మీద రాసి గోడకు తగిలించండి. పాస్‌పోర్టు, భాషా పరీక్ష, ఆదాయ ధ్రువపత్రం, దరఖాస్తు, వీసా, ఒక్కొక్కదానికి గడువు వేయండి. రెండవది, వచ్చే సొమ్మును రెండు వరుసలుగా రాయండి. తిరిగి ఇవ్వనక్కరలేనిది ఒక వరుస, తిరిగి ఇవ్వవలసినది ఇంకొక వరుస. రెండవ వరుసలో వడ్డీని, హామీ సంతకం చేసినవారి పేరును కూడా రాయండి. వడ్డీ మనకు ధర్మసమ్మతం కాదు. కాబట్టి వడ్డీ లేని దారులు, ఖర్జె హసనా ఇచ్చే సంస్థలు ముందుగా వెదకండి. మూడవది, రూపాయి పడిపోతే ఏమిటన్న ప్రశ్నకు కొంత మొత్తం పక్కన ఉంచండి. నాలుగవది, ఆడపిల్లకు కూడా ఇదే కాగితం, ఇదే లెక్క, ఇదే గోడ. ఆరేళ్ల ఉమెకోను పంపిన తల్లిదండ్రులు ఉన్నప్పుడు ఇరవై రెండేళ్ల కూతురి దరఖాస్తును అల్మారాలో దాచడం మనకు తగదు.

కార్యకర్తల బాధ్యత ఇంకా పెద్దది. తెలంగాణ ప్రభుత్వం 2015 నుండి మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యకు అమలు చేస్తున్న పథకం క్రింద 20 లక్షల రూపాయల వరకు సహాయం ఉన్నది. కేంద్రం నడిపిన పఢో పర్దేశ్ వడ్డీ రాయితీ పథకం 2022లో ఆగిపోయింది. లోపం ఉంటే సవరించవచ్చు, 1873 తర్వాత జపాను చేసినట్లు. ఎత్తివేసిన నిచ్చెనను తిరిగి నిలబెట్టమని అడగడం యాచన కాదు, హక్కు. ఉన్న పథకంలో మంజూరైన సొమ్ము కళాశాల ఫీజు గడువులోపల విద్యార్థి ఖాతాకు చేరాలని, ఎంపిక జాబితాను బహిరంగపరచాలని వినతిపత్రాలు ఇవ్వండి. సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉన్నది. దరఖాస్తుకు నకలు, నకలుకు తేదీ, తేదీకి స్వీకృతి ముద్ర మరువకండి. ముద్ర లేని కాగితానికి కార్యాలయంలో నోరు ఉండదు.

రెండవ పని ప్రతి పట్టణంలోను ఒక చిన్న శాశ్వత నిధి. మొదటి ఏడాది అది ఎవరినీ విదేశాలకు పంపలేకపోవచ్చు. ఒక బిడ్డకు భాషా పరీక్ష ఫీజు, ఇంకొక బిడ్డకు దరఖాస్తు రుసుము కట్టగలిగితే చాలు. ఎన్నో కలలు ఆ పదిహేను, ఇరవై వేల రూపాయల దగ్గరే ఆగిపోతున్నవి. సహాయం పొందిన ప్రతి విద్యార్థి నుండి ఒక్క మాట తీసుకోండి. ఉద్యోగం వచ్చిన తర్వాత ఇంకొక బిడ్డ ఖర్చు భరిస్తానని, సెలవులకు వచ్చినప్పుడు మన బస్తీలో కూర్చొని పదిమంది పిల్లలకు దారి చెబుతానని.

ఇక్కడ కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు మా మాట ఇంతే. మీరు వెళ్లండి, చదవండి, నిలదొక్కుకోండి. మీ చదువు ముగిసేనాటికి మీ వెనుక ఒక్కరైనా బయలుదేరి ఉండాలి. ఈ సభ ముగిసిన వెంటనే బయట బల్ల వద్ద కాలపట్టిక నమూనా ప్రతులు ఇస్తున్నారు. దయచేసి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లకండి.